గోడమీది బొమ్మలో తల్లి ఎక్కడ?

స్కానింగ్ సెంటర్ల గోడల మీద, సర్కారు ఆసుపత్రుల వరండాల్లో, బాలికా దినోత్సవం ర్యాలీల ఫ్లెక్సీల మీద మనమంతా చూసిన బొమ్మ ఒకటుంది. చీకట్లో ముడుచుకుని పడుకున్న పసిగుడ్డు, నోట్లో వేలు. కొన్నిటిలో పక్కనే ఒక కత్తెర, నాలుగు నెత్తుటి చుక్కలు. తనను చంపొద్దని అమ్మను వేడుకునే మాట ఒకటి కింద రాసి ఉంటుంది. ఆ గుడ్డును మోస్తున్న మనిషి మాత్రం బొమ్మలో ఉండదు. ఆమె ముఖం ఉండదు. చంకలో ఏడాది బిడ్డ ఉండదు, మగపిల్లవాడు కావాలన్న అత్తమామలుండరు, తాగొచ్చే మొగుడుండడు, స్కానింగు చేసి చెవిలో మాట చెప్పిన డాక్టరుండడు. అందరూ తప్పుకున్నాక నేరమంతా మోయడానికి మిగిలేది కనిపించని ఆ అమ్మ ఒక్కతే.

ఆడపిల్లల్ని కాపాడాలన్న ఉద్దేశంతోనే ఈ బొమ్మ వేశారు, సందేహం లేదు. కానీ ఈ బొమ్మకు మనకంటే ముందు వేరే చరిత్ర ఉంది. 1965 ఏప్రిల్‌లో అమెరికా పత్రిక లైఫ్, స్వీడన్ ఫొటోగ్రాఫర్ లెనార్ట్ నిల్సన్ తీసిన పిండం చిత్రాలను ముఖచిత్ర కథనంగా వేసింది. నక్షత్రాల మధ్య తేలుతున్నట్టు కనబడే ఆ పిండాల్లో చాలావరకు అప్పటికే తల్లి శరీరం నుంచి వేరుపడినవి. పాఠకుడికి మాత్రం ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతున్న బుల్లి మనిషి కనిపించాడు. 1984లో ‘ది సైలెంట్ స్క్రీమ్’ అనే చిన్న సినిమా వచ్చింది. ఒకప్పుడు అబార్షన్లు చేసి, తరువాత వాటిని వ్యతిరేకించిన డాక్టర్ బెర్నార్డ్ నేథన్సన్ అందులో అల్ట్రాసౌండ్ తెర ముందు నిలబడి, పన్నెండు వారాల పిండం నోరు తెరిచి అరుస్తోందని చెప్పాడు. ఆ వయసుకు నొప్పి తెలిసే మెదడు నిర్మాణమే ఏర్పడదని వైద్యులు ఖండించారు. అయినా జనం మనసులో నిలిచింది ఆ బొమ్మే. మూడేళ్ల తరువాత రోజలిండ్ పెచెస్కీ అనే పరిశోధకురాలు రాసిన వ్యాసం ఈ చిత్రాల గుట్టు విప్పింది: కెమెరా పిండానికి దగ్గరయ్యేకొద్దీ స్త్రీ చట్రంలోంచి బయటికి జరుగుతుంది. బొమ్మలో లేని మనిషికి హక్కులున్నాయని వాదించడం కష్టమవుతుంది.

అమెరికా, ఐరోపాల్లో ఉన్నట్టు అబార్షన్ వ్యతిరేక ఉద్యమం తెలుగునాట లేదు. దేశంలోనూ అది చిన్నదే. అబార్షన్ చట్టం వచ్చిన ఆగస్టు 10ని గుర్తుచేస్తూ 2022లో ఢిల్లీలో కొన్ని క్రైస్తవ బృందాలు ఊరేగింపు తీశాయి. అది వాళ్ల విశ్వాసం, దాన్ని చెప్పుకునే హక్కు వాళ్లకుంది. నా బెంగ వేరు. ఉద్యమం రాకపోయినా దాని బొమ్మలు, దాని మాటలు మన ఊళ్లకు వచ్చేశాయి. వాటిని తెచ్చింది మతసంస్థలు కావు. ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు, పత్రికలు, స్త్రీల మేలు కోరే మనమే. లింగనిర్ధారణ పరీక్షల మీద పోరాడుతూ పోరాడుతూ, తెలియకుండానే, అబార్షన్ చేయించుకున్న ప్రతి స్త్రీనీ హంతకురాలిగా చూపే భాషను ఇంట్లోకి పిలిచాం. నివేదితా మేనన్ వంటి స్త్రీవాదులు ఈ ప్రమాదాన్ని ఇరవై ఏళ్ల కిందటే గుర్తించారు. మన ఆరోగ్యశాఖ పోస్టర్లు ఇంకా గుర్తించలేదు.

భ్రూణహత్య అన్న మాట మనకు కొత్తది కాదు. ధర్మశాస్త్రాలు దాన్ని మహాపాపాల్లో లెక్కపెట్టాయి. 19వ శతాబ్దపు సంస్కర్తలు ఆ మాటనే తీసుకుని వేరే వైపు తిప్పారు. 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ వితంతు వివాహాల కోసం రాసినప్పుడు, ఆ పాపానికి మూలం వితంతువులను నిర్బంధించే సమాజమేనని వాదించారు. 1863లో జోతిరావు ఫూలే, సావిత్రిబాయి దంపతులు పుణెలో గర్భవతులైన వితంతువులు గుట్టుగా వచ్చి కాన్పు చేసుకునే ఇల్లు తెరిచారు. 1881లో సూరత్‌లో బిడ్డను చంపిందని ఒక బ్రాహ్మణ వితంతువుకు కోర్టు ఉరిశిక్ష వేసింది. ఆ తీర్పు చుట్టూ స్త్రీల నీతి మీద పత్రికల్లో కురిసిన తిట్లను చదివి తారాబాయి శిందే అనే మరాఠీ గృహిణి మరుసటి ఏడాది ‘స్త్రీపురుష తులన’ రాసింది. కడుపు చేసిన మగవాడు ఏ బోనులోనూ ఎందుకు నిలబడలేదన్నది ఆమె ప్రశ్న. అదే 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ తరం వేలు చూపింది వ్యవస్థ వైపు. నూట నలభై ఏళ్ల తరువాత మన ఫ్లెక్సీ వేలు చూపేది మళ్లీ ఆడదాని వైపే.

ఈ బొమ్మకు తోడు చట్టం పునాది కూడా అటే ఒరిగి ఉంది. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్ గర్భస్రావాన్ని నేరం చేసింది, తన గర్భాన్ని తానే పోగొట్టుకున్న స్త్రీని కూడా నేరస్థురాలిగా లెక్కగట్టింది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 88వ సెక్షన్‌గా యథాతథంగా కొనసాగుతోంది. 1964లో వేసిన శాంతిలాల్ షా కమిటీ, నాటు పద్ధతుల్లో కడుపు తీయించుకుని స్త్రీలు చచ్చిపోతున్నారని రెండేళ్ల తరువాత నివేదిక ఇచ్చింది. దాని ఫలితమే షరతులతో అబార్షన్‌ను అనుమతించిన 1971 ఎంటీపీ చట్టం. ఆ చట్టం స్త్రీకి హక్కు ఇచ్చిందనుకుంటాం. నిజానికి అది షరతులు పాటించిన డాక్టరును శిక్ష నుంచి కాపాడే చట్టం. 2021 సవరణతో 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త చనిపోయినవాళ్లు, విడాకులైనవాళ్లు వంటి వారికి ఇద్దరు డాక్టర్ల మాటతో 24 వారాల దాకా గడువుంది. పాత చట్టంలో ‘వివాహిత, ఆమె భర్త’ అని ఉన్నచోట ‘స్త్రీ, ఆమె భాగస్వామి’ అని మార్చారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం, పెళ్లి కాని స్త్రీకీ ఈ గడువు వర్తిస్తుందని, భర్త చేసిన బలాత్కారం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారంగానే చూడాలని చెప్పింది. స్త్రీ ముఖం చూసి రాసిన తీర్పు అది.

ఏడాది తిరిగేసరికి అదే కోర్టులో భాష ఎలా మారిందో 2023 అక్టోబరులో చూశాం. ఇద్దరు పిల్లల తల్లి, ఇరవై ఆరు వారాలు దాటిన గర్భం. రెండో కాన్పు తరువాత మానసిక వ్యాధికి మందులు వాడుతోంది. బిడ్డకు పాలిస్తుండటంతో ముట్టు రాలేదు, గర్భం వచ్చిన సంగతే తెలియలేదు. అక్టోబరు 9న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అనుమతించింది. మరునాడు ఎయిమ్స్ డాక్టరు ఒకరు, పిండం బతికే అవకాశం ఉందని, ముందు గుండె ఆపాల్సి వస్తుందని మెయిల్ పంపారు. అక్కడి నుంచి టీవీ చర్చలన్నీ ఆ గుండె చప్పుడు చుట్టూ తిరిగాయి. మొదటి ధర్మాసనంలోని ఇద్దరు మహిళా న్యాయమూర్తులు చెరొక మాట చెప్పారు. 16న ముగ్గురు న్యాయమూర్తులు అనుమతి నిరాకరించారు. న్యాయపరంగా అది క్లిష్టమైన కేసే. 24 వారాలు దాటాక చట్టం తలుపు చాలా ఇరుకు. నన్ను కలవరపెట్టింది తీర్పు కంటే చుట్టూ వినబడిన మాటలు. ఇన్ని నెలలు ఏం చేసింది, తెలియకుండా ఎట్లా ఉంటుంది అని అడిగినవాళ్లు చదువుకున్నవాళ్లు. పాలిచ్చే తల్లికి నెలసరి రాకపోవచ్చని, అందుకే నెల తప్పిందీ లేనిదీ తెలియదని బైరెడ్డిపల్లెలో ఏ మంత్రసానిని అడిగినా చెబుతుంది.

బైరెడ్డిపల్లె పేరు ఎత్తడానికి కారణముంది. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం వరుసలో, చిత్తూరు జిల్లాలోని ఈ మండలం మూడు రాష్ట్రాల మూలన ఉంది. ఒక పక్క ముళబాగిలు, కోలారు, ఇంకో పక్క గుడియాత్తం, వేలూరు. పట్టుపురుగులు, టమోటా, పాడి ఆవులు బతుకుదెరువు. మిగిలినది బెంగళూరు కూలి. ఇక్కడి మనుషులకు చట్టం గడప ఒకటి, రాష్ట్రం గడప ఇంకొకటి. కన్నడ దేశంలో మండ్య జిల్లాలో చెరకు తోటల నడుమ ఒక బెల్లం షెడ్డులో స్కానింగు మిషన్ పెట్టి ఆడగర్భాలను తీయించిన ముఠా 2023 చివర్లో పట్టుబడింది. మూడేళ్లలో వందల సంఖ్యలో జరిగాయని పోలీసులే చెప్పారు. ఆడపిల్లలంటే మనకు ప్రేమ పొంగిపోతోందని ఎవరూ అనలేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మంది మగబిడ్డలకు 934 మంది ఆడబిడ్డలు పుట్టారు, తెలంగాణలో 894. ప్రకృతి లెక్కన 950 దాకా ఉండాలి. కాబట్టి లింగనిర్ధారణ నిజమైన నేరం, దాని మీద యుద్ధం అవసరం. ఎవరి మీద చేస్తున్నామన్నదే అసలు విషయం.

ఈ యుద్ధాన్ని రెండు రకాలుగా చేసి చూసిన అనుభవం మన దేశంలోనే ఉంది. 2005 ప్రాంతంలో పంజాబ్‌లోని నవాన్‌షహర్ జిల్లాలో కలెక్టరు ప్రతి గర్భిణి పేరు రాయించి, ఫోన్లు చేయించి, నెలనెలా ఆరా తీయించాడు. గర్భం పోయిందని తెలిస్తే ఆ ఇంటి ముందు సంతాప సభలు పెట్టించారు, గుండెలు బాదుకుని ఏడ్చే మూకలను పంపారు. పేపర్లు మెచ్చుకున్నాయి. గర్భం తనంతట తానే పోయినామెకు, పిల్లలు చాలనుకున్నామెకు, ఆడబిడ్డని తెలిసి తీయించుకున్నామెకు అక్కడ తేడా లేదు. ఊరి ముందర అందరూ ఒకే రకం ముద్దాయిలు. దాదాపు అదే సమయంలో హైదరాబాద్ జిల్లా కలెక్టరుగా ఉన్న అరవింద్ కుమార్ గర్భిణుల జోలికి పోలేదు. స్కానింగు కేంద్రాల దగ్గరికి పోయాడు. చట్టం ప్రకారం ప్రతి స్కానింగుకూ నింపాల్సిన ఫారం-ఎఫ్‌లను తెప్పించి, వరుసపెట్టి ఆడిట్ చేయించాడు. ఏ మిషన్ ఎవరు కొన్నారు, ఏ డాక్టరు సంతకం పెట్టాడు, ఏ కారణం రాశాడు అని లెక్కలు తీస్తే నేరం కాగితాల మీదే దొరికింది. లైసెన్సులు రద్దయ్యాయి, మిషన్లకు సీళ్లు పడ్డాయి. ఒక్క ఆడమనిషిని కూడా వీధిలోకి ఈడ్వలేదు. తెలుగు గడ్డ మీద పుట్టిన ఈ పద్ధతిని దేశమంతా అధ్యయనం చేసింది. గోడల మీద మనం వేసుకున్న బొమ్మ మాత్రం నవాన్‌షహర్‌ది.

ఆ బొమ్మ ఖరీదు ఎవరు కడుతున్నారో చూడండి. లాన్సెట్ గ్లోబల్ హెల్త్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2015లో దేశంలో కోటీ 56 లక్షల అబార్షన్లు జరిగాయి. వాటిలో నూటికి 73 ఆసుపత్రి గడప తొక్కకుండా, మందుల షాపులో కొన్న మాత్రలతో జరిగినవే. ఈ మాత్రలు సరిగ్గా వాడితే భద్రమైనవే. భద్రం లేనిది, చెప్పేవాళ్లు లేకుండా వాడటం. మందుల షాపుల మీద లింగనిర్ధారణ పేరిట దాడులు చేసే అధికారులు ఒక సంగతి మరచిపోతారు. మాత్రలకు చట్టం ఇచ్చిన గడువు తొమ్మిది వారాలు. స్కానింగులో ఆడా మగా తేలేది దాని తరువాత. ఆ మాత్రకు ఆడపిల్లల సంఖ్య తగ్గడానికి ఉన్న సంబంధం దాదాపు శూన్యం. అయినా దాడుల భయానికి షాపులవాళ్లు వాటిని పెట్టడం మానేస్తే, కడుపుతో ఉన్న కూలి మనిషికి దొరికేది సరిహద్దు అవతల ఎవరో చీటీ లేకుండా, ఎన్ని వేసుకోవాలో కూడా చెప్పకుండా ఇచ్చే పొట్లం.

ఆమె సర్కారు ఆసుపత్రికి ఎందుకు పోదు? ఊళ్లో ‘కడుపు తీపిచ్చుకునిందంట’ అన్న మాట పుట్టడానికి ఆశా వర్కరు పక్కన నడవడమే చాలు. పోయినా, మొగుడి సంతకం తెమ్మంటారు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలని చట్టం స్పష్టంగా చెబుతున్నా ఈ ఆనవాయితీ పోలేదు. చాలాచోట్ల పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుంటేనే అని మెలిక పెడతారు. ఇక పద్దెనిమిది నిండని పెళ్లికూతుళ్ల సంగతి. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని తేలింది. అలాంటి పిల్ల కడుపుతో వస్తే, పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో కింద పోలీసులకు చెప్పాలి. మొగుడు జైలుకు పోతాడని తల్లీకూతుళ్లు ఆసుపత్రి వైపే రారు. మైనరు పేరు, వివరాలు పోలీసులకు ఇవ్వకుండానే డాక్టరు చికిత్స చేయవచ్చని 2022 తీర్పు దారి చూపింది. ఆ సంగతి పల్లెలో ఎంతమంది డాక్టర్లకు తెలుసు, ఎంతమంది ఆశాలకు తెలుసు?

హంతకురాలు అన్న బొమ్మ పక్కనే ఇప్పుడు కొంచెం మెత్తటి బొమ్మ ఇంకొకటి వచ్చింది. ఆమె పాపిష్టిది కాదు, అమాయకురాలు, ఇప్పుడు తీయించుకుంటే జీవితమంతా కుమిలిపోతుంది, కనుక ఆమె మేలుకే ఆపుదాం అనేది. 2007లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పులోనే ఈ పశ్చాత్తాపం మాట చేరింది. అది నిజమేనా అని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు వెయ్యి మంది స్త్రీలను ఐదేళ్లు వెంబడించి అడిగారు. అబార్షన్ జరిగినవాళ్లలో నూటికి 95 మంది తమ నిర్ణయం సరైనదేనన్నారు. గడువు దాటిందని వెనక్కి పంపినవాళ్లు అప్పుల్లో, కొట్టే మగవాళ్ల దగ్గర ఎక్కువ కాలం చిక్కుకుపోయారు. బాధపడ్డవాళ్లు లేరని కాదు. బాధ ఉండటం వేరు, తప్పు చేశాననుకోవడం వేరు. జాలి చూపిస్తూ నిర్ణయాన్ని లాక్కోవడం మన ఇళ్లలో ఆడపిల్లలకు బాగా తెలిసిన పద్ధతే.

మన ఆడపిల్లల పేరు వాడుకుని అమెరికాలో జరిగినదీ చెప్పుకోవాలి. 2011లో అరిజోనా, 2016లో ఇండియానా లింగం కారణంగా చేసే అబార్షన్లను నిషేధిస్తూ చట్టాలు చేశాయి. భారత, చైనా కుటుంబాలు ఆడపిల్లల్ని కడుపులోనే వదిలించుకుంటాయని వాదన. 2014లో షికాగో విశ్వవిద్యాలయ న్యాయ విభాగం ఇతర సంస్థలతో కలిసి లెక్కలు తీస్తే, అమెరికాలోని ఆసియా కుటుంబాల్లో తెల్లవారి కంటే ఆడపిల్లల నిష్పత్తి ఎక్కువగానే ఉందని తేలింది. ఫీనిక్స్‌లో కడుపుతో ఉన్న తెలుగు అమ్మాయిని డాక్టరు అనుమానంగా చూసేందుకు అలాంటి చట్టాలు పనికొచ్చాయి. ఐర్లండ్‌లో ఇంకా ఘోరం జరిగింది. బెళగావి నుంచి వెళ్లిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్‌కు పదిహేడో వారంలో గర్భం పోవడం మొదలైంది. పిండం గుండె కొట్టుకుంటున్నంత సేపు అబార్షన్ కుదరదన్నారు. ఒంట్లో విషం పాకి 2012 అక్టోబరు 28న చనిపోయింది. ఆరేళ్ల తరువాత ఆ దేశం రాజ్యాంగం మార్చుకునేటప్పుడు జనం చేతుల్లో ఉన్నది ఆమె నవ్వు ముఖం ఫొటో. 66.4 శాతం మంది మార్పుకు ఓటేశారు. దశాబ్దాలుగా పిండం బొమ్మలు మాత్రమే చూసిన దేశం, బొమ్మలోకి స్త్రీ వచ్చాక వేరే తీర్పు ఇచ్చింది.

మన దగ్గర బొమ్మ మళ్లీ మారుతోంది, అదీ బైరెడ్డిపల్లె పక్క నియోజకవర్గం ప్రతినిధి నోటితో. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికలకు అనర్హులన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎత్తేసింది. కుప్పం శాసనసభ్యుడూ ముఖ్యమంత్రీ అయిన చంద్రబాబు నాయుడు ఎక్కువ మందిని కనమని చెబుతున్నారు. ఆ నిబంధన పోవడం మంచిదే. ఎందరిని కనాలో ఎన్నికల చట్టం చెప్పకూడదు. కానీ ఇన్నాళ్లూ ఒకరిద్దరు పిల్లలు చాలని మన గోడలే చెప్పాయి. ఈ రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, దేశంలో ఇదే అత్యధికం. మగవాళ్లలో ఒక శాతం కూడా లేరు. నిన్న గర్భసంచి నింపుకోవడం దేశద్రోహమన్నట్టు, ఇవాళ ఖాళీగా ఉంచుకోవడం దేశద్రోహమన్నట్టు మాట్లాడితే, రెండు మాటల్లోనూ ఆమె జనాభా లెక్కల్లోని ఒక అంకె. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ మూడో కాన్పులో ఆడబిడ్డకు 50 వేల రూపాయలు, మగబిడ్డకు ఆవు ఇస్తానన్నారు. తల్లులకు చేయూతనివ్వాలన్న ఆలోచన మెచ్చదగిందే. కానీ రేపు మూడో గర్భం వద్దనుకున్న స్త్రీ ఆసుపత్రికి పోతే, ప్రభుత్వమే కనమంటుంటే నీకేమొచ్చిందని అడగడానికి ఒక కొత్త సాకు దొరికినట్టే. ఆపరేషన్ ఫెయిలై కడుపొచ్చినవాళ్లు కూడా ఆ ప్రశ్న ఎదుర్కొంటారు. అలాంటి ఒక పేదరాలికి హర్యానా ప్రభుత్వం పరిహారం కట్టాలని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

జీవం పవిత్రమని నమ్మేవాళ్లను నేను తక్కువ చేయను. ఆ నమ్మకంతో బిడ్డను కన్న తల్లులకు చేతులెత్తి మొక్కుతాను. వేరొకరి కడుపు గురించి బొమ్మ వేసేటప్పుడు ఆ మనిషిని చెరిపేయడాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఆరోగ్యశాఖ తన పోస్టర్లలోంచి హత్య అన్న మాటను, వేడుకునే పిండాన్ని తీసేయాలి. లింగం చెప్పడం నేరమని, చెప్పిన డాక్టరుకు, అడిగిన మొగుడికి, అత్తమామలకు జైలని రాయాలి. ఒత్తిడి వల్లే స్త్రీ ఒప్పుకుందని భావించమని లింగనిర్ధారణ నిషేధ చట్టమే చెబుతోంది, ఆ మాట కూడా రాయాలి. ఫారం-ఎఫ్ ఆడిట్ చిత్తూరు జిల్లాలో, అవతల కోలారుతో, వేలూరుతో కలిసి జరగాలి. బైరెడ్డిపల్లె ఆసుపత్రిలో తొమ్మిది వారాల లోపు మాత్రలు ఇవ్వగల డాక్టరుండాలి, మొగుడి సంతకం అక్కర్లేదన్న పలక ఓపీ చీటీలిచ్చే కిటికీ పక్కనే తెలుగులో ఉండాలి. చికిత్స పొందిన స్త్రీ పేరు బయటపెడితే ఏడాది దాకా జైలుశిక్ష ఉంటుందని 2021 సవరణలో చేర్చిన 5-ఎ సెక్షన్‌ను ఆ ఆసుపత్రిలో డాక్టరు నుంచి వార్డుబాయ్ దాకా అందరికీ చదివి వినిపించాలి.